బీము కింద సందు

పగుళ్ల మేస్త్రికి మనుషులంటే చులకన. అందులోనూ సొంతిల్లు ఉన్న మనుషులంటే మరీ చులకన. వాళ్ళ గోడల మీదే బతికేవాడు, వాళ్ళనే తిట్టేవాడు. తిట్టక ముద్దు పెట్టుకుంటాడా? ఆ పేటంతా నల్లరేగడి నేల. వానొస్తే పిండి పులిసినట్టు ఉబ్బుతుంది, ఎండొస్తే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. నడివేసవిలో ఆ నెర్రెల్లో చెయ్యి పెడితే మోచేతిదాకా దిగుతుంది. అలాంటి నేల మీద మోకాలి లోతు కందకం తవ్వి, నాలుగు రాళ్ళు పడేసి, పైన మేడ లేపి, గులాబీ రంగు పూసి, గేటుకి ఇత్తడి పిడి పెట్టించుకుని మురిసిపోయే జనాన్ని ఏమనాలి చెప్పండి. పైన పటారం లోన లొటారం అని ఊరికే అన్నారా!

మరి అతనేం తక్కువ తిన్నాడు? అదీ చెప్తాను, వినండి.

వానలు ముదిరినప్పుడో, ఎండలు ముదిరినప్పుడో అతనికి కబురొచ్చేది. సంచిలో తాపీ, సుత్తి, గోడ చెక్కే శానం, చిన్న తట్ట వేసుకుని బయల్దేరేవాడు. ఇంట్లోకి అడుగుపెట్టాక మనుషుల మొహం చూసేవాడు కాదు. కిటికీ మూలలు చూసేవాడు, తలుపుల పైన చూసేవాడు, మెట్ల కింద చూసేవాడు. ఇంటావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని వెనకాలే వచ్చేది.

"ఏమన్నా ప్రమాదమా మేస్త్రీ? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు నాకు."

"ఏం కాదమ్మా. పూత పగులు."

అంతే. వేలు పట్టేంత పగులుకీ అదే మాట, వెంట్రుక పగులుకీ అదే మాట. ఇంటి కింద నేల కదిలి గోడ నిలువునా చీలినా సరే, అతని నోట "పూత పగులు" తప్ప ఇంకో రోగం వచ్చేది కాదు. ఇంటివాళ్ళకీ అదే కావాలి. హమ్మయ్య అని టీ పెట్టి ఇచ్చేవాళ్ళు. శానంతో పగులు పొడుగునా గాడి కొట్టి, నీళ్ళు చిలకరించి, సిమెంటు మాలు కూరి, తాపీతో నున్నగా దిద్ది, చివర బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కేవాడు. అది అతని ముద్ర. చిన్నప్పుడు ఇటుక మీదపడి ఆ గోరు రెండుగా చీలింది, మళ్ళీ సరిగ్గా అతకలేదు. అందుకని ఆ నొక్కులో ఏటవాలుగా ఒక గీత పడేది. పైన రంగేస్తే ఎవరికీ కనపడదు. అయినా నొక్కాల్సిందే. గొప్ప శిల్పి మరి!

పని ముగించుకుని ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అద్దె వాటా గడప మీద చతికిలబడ్డాక మొదలయ్యేది అసలు కచేరీ.

"ఆ హెడ్మాస్టరు లేడూ? ఊళ్ళో పిల్లలందరికీ లెక్కలు చెప్తాడు. తన ఇంటి కింద నీళ్ళ లెక్క తెలీదు. స్నానాలగది నీళ్ళు గోడవారనే వదిలేశాడు. అటుపక్క నేల తడిసి ఉబ్బుతుంది. ఇటుపక్క గోడకానుకుని అంత చెట్టు పెంచాడు, దాని వేళ్ళు నీళ్ళన్నీ పీల్చేసి అటు నేల కుంగుతుంది. ఒక వైపు లేచి, ఒక వైపు దిగితే ఇల్లు నడుం విరక్క ఏం చేస్తుంది? మళ్ళీ నన్నడుగుతాడూ, మేస్త్రీ, ఇది సిమెంటు కల్తీ వల్లా అని!"

పక్కన కూర్చుని స్కూలు లెక్కలు చేసుకుంటున్న కూతురు తలెత్తేది.

"మరి ఆయనకి చెప్పావా నాన్నా?"

"నాకేం పనే? పూత వెయ్యమన్నాడు, వేశాను. పగులు లోపల అలాగే ఉంది. వచ్చే ఏడు మళ్ళీ పిలుస్తాడు, వెర్రివెధవ."

అని పగలబడి నవ్వేవాడు. భార్య ఉన్నంతకాలం ఆవిడా మొహమాటానికి నవ్వేది. కూతురు మాత్రం నవ్వేది కాదు. ఎందుకు నవ్వుతుంది? వాళ్ళ అద్దె గోడకీ ఒక పగులుంది, నేల నించి పైకప్పుదాకా. దానికి మేస్త్రి చిటికెడు మాలు పూసిన పాపాన పోలేదు. "పరాయివాడి గోడకి నా సిమెంటు ఎందుకు?" అనేవాడు. గోడ మీద పడుతుందేమోనని తల్లి భయపడి, పిల్ల మంచం గదికి నడిమధ్యకి లాగింది. ఆ పిల్ల పెళ్ళయ్యేదాకా అలా గది మధ్యలోనే పడుకుంది. నిద్రలో చెయ్యి చాపితే తగిలేందుకు ఒక గోడ లేకుండా పెరిగింది. ఇంటికి వచ్చినవాళ్ళు ఆ మంచాన్ని చుట్టి తిరగాల్సొచ్చేది. ఊరి గోడలన్నిటికీ వైద్యం చేసే మహానుభావుడి ఇంట్లో అదీ వైభోగం.

ఆ పిల్ల నర్సయింది. లారీ నడిపే కుర్రాణ్ణి చేసుకుంది. అతను నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు, మంచివాడు, మాటలు తక్కువ. తల్లి పోయాక తండ్రిని తమ దగ్గరికి రమ్మని ఎన్నిసార్లు బతిమాలిందో! అద్దె వాటా నించి ఇంకో అద్దె వాటాకి ఎందుకు, సామాను మొయ్యడానికా అనేవాడు. సరే, సొంతిల్లే కడతాను, అప్పుడైనా వస్తావా అంది. ఆస్పత్రికి దగ్గరలో స్థలం కొంది. అదీ రేగడే. చుట్టుపక్కల రేగడి కాని నేల ఎక్కడుంది గనక!

మేస్త్రి వెళ్ళి చూశాడు. చెప్పు కాలితో ఒక మట్టిపెళ్ళని తన్నాడు.

"నా కడుపున చెడబుట్టావే. ఇన్నేళ్ళు నా మాటలు విని, చివరికి నువ్వూ రేగడి మీదే కడతానంటావా?"

"విన్నాను గనకే కడతానంటున్నా నాన్నా. నువ్వు తిట్టిన తప్పులన్నీ తప్పించి కడితే నిలబడాలి కదా."

మేస్త్రి ఛీ ఛీ అని ఇంటికొచ్చేశాడు. తన తిట్లలోంచి ఒకరు పాఠం ఏరుకుంటారని అతను కల్లో కూడా అనుకోలేదు. తిట్టడం తన సుఖం కోసం, ఇంకొకళ్ళు బాగుపడ్డానికా!

కూతురు గంటల మేస్త్రిని పట్టుకొచ్చింది. అతనికి ఆ పేరు ఎందుకొచ్చిందంటే, అతను కందకాలు తవ్వడు. బరమాతో నేలలోకి నిలువుగా గొయ్యి దింపుతాడు. నల్లమట్టి దాటి, ఎండకీ వానకీ కదలని గట్టినేల తగిలేదాకా దింపి, అక్కడ అడుగున గొయ్యిని గంట ఆకారంలో వెడల్పు చేస్తాడు. అందులో ఇనుము దించి కాంక్రీటు పోస్తే అది నేలని కరుచుకుని ఉండిపోతుంది, పైన మట్టి ఎంత ఉబ్బినా స్తంభం లేవదు. ఆ స్తంభాల తలల మీద బీములు, బీముల మీద గోడలు. నెమ్మదైన మనిషి, సన్నగా, ఎప్పుడూ మోకాళ్ళకి మట్టి అంటుకుని ఉండేవాడు.

"గంటలు వాయించేవాడు దొరికాడన్నమాట నీకు," అన్నాడు పగుళ్ల మేస్త్రి.

బీములు పోసి చెక్కలు విప్పిన రోజు పగుళ్ల మేస్త్రి మళ్ళీ వచ్చాడు. వంగి చూశాడు. బీముకీ నేలకీ మధ్య నాలుగు వేళ్ళ సందు! ఇంటి చుట్టూతా అదే. ఇటునించి చూస్తే అటు వెల్తురు కనపడుతోంది. మేస్త్రి కడుపు నిండిపోయింది. ఏదో ఒక తప్పు దొరక్కపోతే అతనికి అన్నం సయించదు, ఇప్పుడు ఇంత పొడుగు తప్పు దొరికింది.

"ఏమయ్యా, పని సగంలో వదిలేసి సామాను సర్దుకుంటున్నావేంటి?"

"వదిలెయ్యలేదు మేస్త్రిగారూ, వదలాలనే వదిలాను," అన్నాడు గంటల మేస్త్రి. "వానాకాలం మట్టి పైకి లేస్తుంది కదా. లేచి ఆ సందులోకి వస్తుంది, బీముని తాకదు. అక్కడ చోటు లేకపోయిందనుకోండి, బీముని ఎత్తిపారేస్తుంది. దానితో మనం బలం చూపించలేం. కాస్త చోటు ఇవ్వాలి, అంతే."

"అంటే నా కూతురు గాల్లో కాపరం చేస్తుందన్నమాట."

"స్తంభాల మీద చేస్తుందండీ."

"ఎలుకలో?"

"సందుకి ఇనప జాలీ కడతాను. ఇంటి చుట్టూ వాలుగా గచ్చు చేసి నీళ్ళు దూరంగా పంపిద్దాం. లోపల గదుల కింద కూడా నల్లమట్టి తీసేసి గరుసు మట్టి పోసి దిమ్మిస కొట్టించాను."

విన్నాడు మేస్త్రి. చక్కగా రెండు చెవులతో విన్నాడు. వినలేదని రేపు మీరు అతన్ని వెనకేసుకు రాకండి. విని, తుపుక్కున పక్కకి ఉమ్మేసి, "చేతకానివాడికి శాస్త్రాలెక్కువ" అన్నాడు.

గోడలు లేచాయి, కప్పు పడింది. వాళ్ళు సామాను దింపుకున్న రోజున కూతురు అతన్ని చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. పెద్ద కిటికీ, గోడలో అలమర, స్నానాలగది పక్కనే.

"ఇది నీకు నాన్నా. మోకాళ్ళ నెప్పులంటావు కదా, దగ్గరుంటుందని ఇటు పెట్టించాను."

 నిజం చెప్పాలంటే ఆ ముసలాడికి రావాలనే ఉంది. అద్దె వాటాలో ఒంటరిగా కూచుని ఎవర్ని తిడతాడు? వినే నాథుడేడి? పొద్దున్నే లేస్తే మోకాళ్ళు వంగడం లేదు, పొయ్యి వెలిగించుకోబుద్ధి కావడం లేదు. ఒక్క మాట, సరేనమ్మా అని అంటే అయిపోయేది. కానీ పుట్టి బుద్ధెరిగాక అలాంటి మాట అని ఎరగడే! నోరు తెరిస్తే వెటకారమే వచ్చింది.

"ఒక్క వానాకాలం చూద్దాం. గోడకి ఒక్క బీట రాకపోతే వస్తా, నీ ఇంట్లోనే చస్తా. బీట వచ్చిందా, ఇక నన్ను పిలవకు."

"ఇది పందెమా నాన్నా?"

"పందెమే."

"సరే," అంది కూతురు. ఆమె మొహంలో భయం ఉందా అని వెతికాడు. లేదు. అది అతనికి ఇంకా మండింది.

తర్వాత ఏం జరిగిందో చెప్పాలంటే నాకే రోతగా ఉంది. మబ్బులు పడుతున్న రోజులు. కూతురు ఆస్పత్రికి వెళ్ళింది, అల్లుడు లారీ మీద పోయాడు. మేస్త్రి ఎక్కడో పని ముగించుకుని, మిగిలిన సిమెంటు సంచిలో వేసుకుని, ఇల్లు ఎలా ఉందో చూద్దామని దారిలో ఆగాడు. వెనకవైపుకి వెళ్ళాడు. తన గది గోడ. దాని కింద బీము. బీము కింద జాలీ, జాలీ వెనక ఆ సందు.

చూస్తూ నిలబడ్డాడు. చేతులు దురద పెట్టాయి. బతుకంతా సందు కనపడితే పూడ్చిన చేతులవి. సందుని సందుగా వదిలెయ్యడమన్నది వాటికి ఎవరూ నేర్పలేదు. పాములు దూరవూ? పిల్ల ఒక్కతే ఉంటుందాయె. అని మొదట అనుకున్నాడు, అది నిజంగానే అనుకున్నాడు, కాదనను. కానీ దాని వెనకే ఇంకోటి వచ్చింది. ఇప్పుడు దీన్ని రాయీ మాలూ పెట్టి బిగించేస్తే ఇల్లు నిలబడుతుంది. నిలబడితే, ఆ గంటలవాడి గొప్పేం లేదు, నిలబెట్టింది నేనూ అని ఏదో ఒక రోజు భోజనాల దగ్గర తీరిగ్గా చెప్పొచ్చు. అదీ సంగతి!

జాలీ ఊడదీశాడు. రాళ్ళు ఏరుకొచ్చాడు. బోర్లా పడుకుని, రెండు స్తంభాల మధ్య ఉన్న జాగా అంతా రాళ్ళు కూరి, గునపంతో దట్టించి, చిక్కటి మాలు పెట్టి, వేలు కాదు గదా సూది కూడా దూరకుండా బిగించాడు. అబ్బ, ఎంత నీటుగా చేశాడో! కంటికి కనపడని చోట, బీము కింద, ఎవరూ రంగు కూడా వెయ్యని చోట, తాపీతో నున్నగా దిద్దాడు. చివర బొటనవేలితో నొక్కాడు. సిమెంటు అయిపోయింది, చినుకులు మొదలయ్యాయి. మిగతా వైపులు తర్వాత చూసుకుందామని జాలీ మళ్ళీ కట్టేసి, మీద ఇంత మట్టి ఎగదోసి వెళ్ళిపోయాడు. మోకాళ్ళు పట్టేసినా ఈలేసుకుంటూ వెళ్ళాడు.

ఆ ఏడు వానలు మామూలు వానలు కావు. పేటంతా గోడలు చిట్లాయి. మేస్త్రికి కబుర్ల మీద కబుర్లు. ఇంటింటికీ పోయి పూత పగులు, పూత పగులు అని జపం చేసి వస్తున్నాడు. మధ్యలో కూతురింటికి పోయి, టీ తాగే నెపం మీద గోడలన్నీ తేరిపార చూసేవాడు. ఏమీ లేదు. ముందు గది శుభ్రంగా ఉంది, వంటిల్లు శుభ్రంగా ఉంది. కూతురు టీ ఇచ్చి చిన్నగా నవ్వేది. అతను ఇంటికి పోయి ట్రంకుపెట్టె మీద దుమ్ము దులపడం మొదలుపెట్టాడు. ఎవరూ చూడకుండా దుప్పట్లు మడతపెట్టాడు కూడా.

అప్పుడొచ్చింది ఫోను.

"నాన్నా, ఒకసారి రా," అంది కూతురు. గొంతు పీలగా ఉంది. "వెనక గదిలో..."

 మేస్త్రి కాళ్ళు హుషారుగా కదిలాయి. దారి పొడుగునా మాటలు సిద్ధం చేసుకున్నాడు. ఇంట్లో కాలు పెడుతూనే అందుకున్నాడు.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఎవడన్నా వింటేనా? గాల్లో ఇల్లు లేపాడమ్మా గంటలవాడు! నేను ఆ రోజే చెప్పాను. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు నువ్వు వాణ్ణి నమ్మావు. అనుభవించు. నేలకి ఆనని ఇల్లు ఇల్లా, ఉయ్యాలా? ఊరంతా నా దగ్గరికొచ్చి బతిమాలుతుంటే నా కడుపున పుట్టిందానికి నేనంటే లెక్కలేదు!"

కూతురు ఏడవలేదు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. గోడ వైపు చెయ్యి చూపించి పక్కకి తప్పుకుంది.

కిటికీ పై మూల నించి కప్పుదాకా పాకింది పగులు. కిటికీ తలుపు పట్టేసి మూసుకోవడం లేదు. మేస్త్రి అలవాటు కొద్దీ పగులు మీద వేలు ఆనించి పైకి పోనిచ్చాడు. కింద సన్నం. పోనుపోను వెడల్పు. పైన చిటికెన వేలు దూరేంత ఉంది.

వేలు కిందికి దింపి మళ్ళీ పైకి పోనిచ్చాడు.

పైన వెడల్పు, కింద సన్నం. అంటే గోడ కుంగలేదు. కింద నించి ఏదో నడిమధ్యన పట్టుకుని ఎత్తింది. ఊళ్ళో గోడలన్నీ చదివినవాడికి ఇది చదవడం ఒక లెక్కా? గబగబా ముందు గదిలోకి వెళ్ళి చూశాడు. వెంట్రుక పగులైనా లేదు. వంటింట్లో చూశాడు. లేదు. ఇంటికి నాలుగు వైపులా సందుంది, ఒక్క చోట తప్ప. ఆ ఒక్క చోటే ఇల్లు చిట్లింది.

తిరిగొచ్చేసరికి కూతురు ఫోను పెట్టేస్తోంది.

"గంటల మేస్త్రిని రమ్మన్నా."

"ఎందుకు? ఎందుకమ్మా వాడు?" ముసలాడు సంచి దగ్గరికి లాక్కున్నాడు. "ఏం కాదు. ఇది పూత పగులు. సంచి తెచ్చుకున్నా, ఇప్పుడే వేసేస్తా, సాయంత్రానికి కనపడదు..."

కూతురు అతని మొహంలోకి చూసింది.

"నాన్నా, ఆ మాట ఊరందరికీ చెప్పుకో. నాకు చెప్పకు. ఆ మాట చెప్పి వచ్చి నువ్వు గడప మీద కూచుని ఎలా నవ్వేవాడివో నాకు తెలుసు."

గంటల మేస్త్రి వచ్చాడు. వచ్చీరాగానే కూతురు అతన్ని దులిపేసింది. సందు వదిలిపెట్టావు, సగం పని చేసి పోయావు, మా నాన్న ఆ రోజే చెప్పాడు, ఒంటరి ఆడదాన్ని చేసి అరచేతిలో వైకుంఠం చూపించావు అంది. పాపం ఆ పిల్లకి తెలీకుండానే తండ్రి మాటలు ఒక్కొక్కటే ఆమె నోట్లోంచి వస్తున్నాయి. అతను తలొంచుకుని అన్నీ విన్నాడు. మన పగుళ్ల మేస్త్రి ఏం చేస్తున్నాడంటారా? దొంగకి తేలు కుట్టినట్టు గోడకానుకుని నిలబడ్డాడు. నోరు విప్పి ఒక్క ముక్క చెప్తే ఆ మనిషికి ఆ తిట్లు తప్పేవి. చెప్పలేదు. ఇన్నేళ్ళు పేటలో అందరినీ వెధవలని తిట్టిన నోరు, తన వంతు వచ్చేసరికి మూతపడింది.

"మీరన్నవన్నీ పడతానమ్మా," అన్నాడు గంటల మేస్త్రి. "ఒక్కసారి చూడనివ్వండి."

ఇంటి చుట్టూ తిరిగాడు. ఒక్కో చోట జాలీ ఎత్తి చెయ్యి పెట్టి చూశాడు. సందులోకి మట్టి సగం దాకా లేచొచ్చి ఉంది, బీముని తాకలేదు, అతను చెప్పింది చెప్పినట్టే. వెనకవైపుకి వచ్చి బురదలో బోర్లా పడుకున్నాడు. ఎగదోసిన మట్టి పక్కకి లాగాడు. జాలీ తీసి టార్చి కొట్టాడు. 

"అమ్మా, ఇక్కడ సందు లేదు."

"లేదంటే?"

"ఎవరో పూడ్చేశారు. రాయి పెట్టి గట్టిగా బిగించారు. మంచి పనివాడే." శానం పెట్టి రెండు దెబ్బలు వేశాడు. మాలు ముక్క ఒకటి ఊడి బయటికి దొర్లింది.

పగుళ్ల మేస్త్రి ఎవరూ అడక్కుండానే, "పేటలో పనివాళ్ళకి తక్కువా, ఎవడో వెధవ చేసుంటాడు" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికి ఒకడు.

కూతురు వంగి ఆ ముక్క తీసుకుంది. బురద కొంగుతో తుడిచింది. ఒక వైపు అద్దంలా నున్నగా ఉంది. చివర ఒక నొక్కు, ఆ నొక్కులో ఏటవాలుగా గీత. చిన్నప్పుడు ఆ బొటనవేలు పట్టుకునే ఆ పిల్ల రోడ్లు దాటింది.

ముక్క తిప్పి తిప్పి చూసింది. తర్వాత తండ్రి చేతి వైపు చూసింది. అతను ఆ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు, చిన్నపిల్లాడిలా.

"పాములు దూరతాయని..." అన్నాడు.

"జాలీ ఉంది కదా నాన్నా."

"నువ్వొక్కదానివే ఉంటావని..."

"మరి చెప్పకుండా ఎందుకు పెట్టావు? మట్టి ఎందుకు కప్పావు?"

 కూతురు గంటల మేస్త్రి వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. "అయ్యా, నోరు పారేసుకున్నాను, క్షమించండి," అంది. ఆ క్షమాపణ తనే చెప్పాల్సిందని ముసలాడికి తెలుసు. గంటల మేస్త్రి కంగారుపడి, "అయ్యో, దానికేముందమ్మా, నేను తీసేస్తాను, తీసేస్తే బీము మెల్లిగా దిగుతుంది, భయం లేదు" అని శానం అందుకోబోయాడు.

"మీరొద్దు," అంది కూతురు. "పెట్టినాయనే తీస్తాడు."

తీశాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గానీ, మేస్త్రి ఏకంగా ఆ అడుసులోనే పొర్లాడు. తన చేత్తో దట్టించిన ఒక్కో రాయినీ బోర్లా పడుకుని శానంతో కొట్టి, పీకి, బయటికి తోశాడు. ఎంత బాగా బిగించాడో అంత కష్టపడ్డాడు. మోకాళ్ళ మీద లేచి, మళ్ళీ పడుకుని, బురద మొహంతో మూలుగుతుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. హెడ్మాస్టరు కూడా ఆగాడు.

"ఏం మేస్త్రీ, పూత పగులేనా?" అన్నాడు.

బురదలోంచే తలెత్తి, "కాదండీ, పునాది" అన్నాడు మేస్త్రి. ఆ నోట ఆ మాట రావడం అదే మొదలు. ఆ ఊపులో, మీ స్నానాలగది నీళ్ళు గోడవార నించి తీయించండి, లేకపోతే ఇల్లు దక్కదు అని కూడా చెప్పేశాడు. హెడ్మాస్టరుకి కోపమొచ్చింది. "ఇన్నేళ్ళూ ఏం కాదన్నావుగా!" అని ఇంకో పూతల మనిషిని వెతుక్కోడానికి పోయాడు. వెర్రివెధవ అని మేస్త్రి అనబోయి ఊరుకున్నాడు.

సందులో వెల్తురు కనపడ్డాక గంటల మేస్త్రి జాలీ కట్టాడు. వానలు వెనకబట్టాయి. బీము దిగింది. కిటికీ తలుపు మళ్ళీ సరిగ్గా పడుతోంది. పగులు సన్నబడింది గానీ పూర్తిగా మూసుకోలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా ఊడిన నాలుక మళ్ళీ మొలుస్తుందా? కిటికీ మూల నించి కప్పుదాకా నల్లటి గీత అలాగే ఉండిపోయింది.

ఒక రోజు మేస్త్రి పొద్దున్నే వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా వెనక గదిలోకి పోయి, తట్టలో గుప్పెడు మాలు కలిపి, స్టూలు ఎక్కబోయాడు. కూతురు వచ్చి అతని చేతిలోంచి తాపీ తీసేసుకుంది.

"అది అలాగే ఉంటుంది నాన్నా."

"ఇప్పుడిది నిజంగా పూత పనేనే. కింద ఏ దోషం లేదు. చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఇన్నాళ్ళు వాళ్ళ పగుళ్ళు చూసి నువ్వేమనుకున్నావో అదే అనుకుంటారు. అనుకోనీ."

ముసలాడు స్టూలు దిగాడు. తట్టలో మాలు గట్టిపడుతోంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సంచి భుజాన వేసుకున్నాడు.

"పందెం నేనే గెలిచాను కదా," అన్నాడు. వెటకారంగా అందామనుకున్నాడు, మామూలుగానే వచ్చింది. "పోయొస్తా."

"పగలగొట్టినవాడికి పందెమేంటి? అది చెల్లదు. నీ అల్లుడు లారీలో నీ పెట్టె తెస్తున్నాడు. దుప్పట్లు నువ్వే మడతపెట్టి ఉంచావటగా."

అతను నోరు తెరిచాడు. ఏదో ఒక పుల్లవిరుపు మాట వస్తుందని తనే ఎదురుచూశాడు. రాలేదు.

"ఏ గదిలో ఉండను?"

"ఇదే నీ గది. ఎప్పుడూ ఇదే." కూతురు మంచాన్ని కాలితో తోసి, ఆ పగులు ఉన్న గోడకి గట్టిగా ఆనించింది. "గోడ పక్కనే వేశాను. భయపడకు, పడదు. పునాది మంచిది."

ఆ సాయంత్రం మేస్త్రి ఆ మంచం మీద గోడకి మొహం తిప్పి పడుకున్నాడు. గది నడిమధ్యన మంచం వేసుకుని పెరిగిన పిల్ల ఇవతల వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. ఎదురుగా, కిటికీ మూల నించి పైకి, తన పగులు. బొటనవేలు దానంతటదే దాని మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాడు.